తెర ఎవరివైపు తిరగాలి?
విశ్వవిద్యాలయంలో వెబ్ నిర్మాణ బోధన: ఒక స్మారకోపన్యాసం



చిక్కబళ్ళాపురం జిల్లా సోమేనహళ్ళి గ్రామంలో జరుగుతున్న ఈ ఉపన్యాసం డాక్టర్ హెచ్. నరసింహయ్య గారి స్మృతికి అంకితం. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920 జూన్ 6న పేద కుటుంబంలో పుట్టి, చదువు కోసం బెంగళూరు దాకా నడిచి వెళ్ళి, ఆ తరువాత అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్రంలో డాక్టరేటు పొంది, స్వదేశానికి తిరిగి వచ్చి బసవనగుడి నేషనల్ కళాశాలకు ప్రిన్సిపాలుగానూ, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగానూ పనిచేసిన ఆ మహనీయుడు, జీవితంలో అత్యధిక భాగాన్ని కళాశాల హాస్టలు గదిలోనే నిరాడంబరంగా గడిపి 2005 జనవరి 31న కన్నుమూశారు. మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా విచారించడానికి 1976లో ఆయన విశ్వవిద్యాలయం తరఫున ఏర్పాటు చేసిన సంఘం దేశమంతటా చర్చకు కారణమైంది కనుక, ఆయన పేరు చెప్పగానే లోకానికి ముందుగా స్ఫురించేది అదే. ఈ జిల్లావారికి మాత్రం ఆయన మరొక విధంగా కూడా ఆప్తుడు. గౌరిబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కళాశాలలు వెలిసి, డిగ్రీ చదువు కోసం బెంగళూరు బస్సు ఎక్కక తప్పని స్థితి తొలగడంలో ఆయన పాత్ర ప్రధానమైనది.

ఆయన జీవితకార్యం రెండు సూత్రాల మీద నడిచింది. పరీక్షకు నిలవనిదాన్ని ఎంత పెద్దవారు చెప్పినా అంగీకరించరాదన్నది ఒకటి. ఉన్నత విద్య నగరం పొలిమేర దాటి పల్లెను చేరాలన్నది రెండవది. వెబ్ నిర్మాణమనే కొత్త విద్యను ఈ రెండు సూత్రాల వెలుగులో పరిశీలించడమే నేటి ప్రయత్నం. ఆ విద్యను పనిముట్ల శిక్షణగా గాక ప్రయోగశాస్త్రంగా బోధించాలనీ, అందులో తయారైన ప్రతి పేజీనీ దాన్ని వాడబోయే మనుషుల ఎదుట పెట్టి పరీక్షించిన తరువాతనే మార్కులు వేయాలనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

1. విషయ స్వరూపం

వెబ్ పేజీ మూడు పొరల నిర్మాణం. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక, ఏది లింకు అని పేజీలోని భాగాలకు గుర్తులు పెట్టే భాష హెచ్.టి.ఎం.ఎల్.; అలా గుర్తు పెట్టిన భాగాలు తెరమీద ఏ రంగులో, ఏ పరిమాణంలో, ఏ అమరికలో కనిపించాలో చెప్పే నియమావళి సి.ఎస్.ఎస్.; చూసేవారు నొక్కినప్పుడో రాసినప్పుడో పేజీ ఎలా స్పందించాలో నిర్దేశించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్. ఈ మూడింటినీ చదివి తెరమీద చూపించే సాఫ్ట్‌వేరు బ్రౌజరు కాగా, అడిగిన పేజీని పంపించే దూరపు కంప్యూటరు సర్వరు. ఎంత పెద్ద వెబ్‌సైటైనా, బ్యాంకుదైనా బస్సు టిక్కెట్లదైనా, చూసేవారి ఎదుటికి వచ్చేసరికి ఈ మూడు పొరలుగానే వస్తుంది.

స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌లీ 1989లో ఈ వ్యవస్థను ప్రతిపాదించి, 1991లో లోకానికి పరిచయం చేశారు. ఎవరూ రుసుము చెల్లించనక్కరలేకుండా, ఎవరి అనుమతీ కోరనక్కరలేకుండా వాడుకోదగిన ఉమ్మడి ఆస్తిగా దీన్ని సెర్న్ 1993 ఏప్రిల్ 30న ప్రకటించింది. భౌతిక శాస్త్రవేత్తలు తమ పరిశోధన పత్రాలను పంచుకోవడానికి పుట్టిన సాధనం ఇది కనుక, ఒక భౌతిక శాస్త్రవేత్త స్మృతిసభలో దీని ప్రస్తావన అసందర్భమేమీ కాదు. ఆనాటి ఔదార్యం వల్ల విద్యార్థికి కలిగిన మేలు చిన్నది కాదు. బ్రౌజరులో ఏ పేజీ తెరిచినా దాని మూలరచనను చూపమని అడిగే వీలుంది కాబట్టి, ఈ విద్యలో లోకంలోని ప్రతి పేజీ పాఠ్యపుస్తకమే. మూడువేల రూపాయల గ్రంథం కొనలేని విద్యార్థికీ, కొనగల విద్యార్థికీ ఇక్కడ ఒకే గ్రంథాలయం.

దీనితో జోడుగా వచ్చే రెండవ విషయం ఇంటరాక్టివ్ మీడియా, అంటే చూసేవారి చర్యను బట్టి నడక మార్చుకునే మాధ్యమం. సినిమా అందరికీ ఒకే క్రమంలో సాగుతుంది. 1978లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఆస్పెన్ పట్టణపు వీధుల చిత్రాలను డిస్కుల్లో నిక్షిప్తం చేసి, తెరమీద వేలితో తాకి ఏ సందులోకి తిరగాలో చూసేవారే నిర్ణయించుకునే ఏర్పాటు చేసినప్పుడు, ఒకే కృతి ఒక్కొక్కరికి ఒక్కొక్క దారిగా పరిణమించింది. ఇటువంటి మాధ్యమంలో కర్తకు తన కృతి మీద పూర్తి అధికారం ఉండదు. చదువరి ఎక్కడ నొక్కుతాడో, ఎక్కడ తడబడతాడో, దేన్ని చూడకుండా దాటిపోతాడో ముందుగా ఊహించడం ఎవరి తరమూ కాదు గనుక, ఊహను వదిలి పరిశీలనను ఆశ్రయించక తప్పదు. ఈ విద్యను ప్రయోగశాస్త్రమనడానికి మూలకారణం ఇదే.

2. రెండు ముక్కలైన చదువు

భారతదేశంలో ఈ విద్య మొదటినుంచీ రెండు వేరువేరు గడపల్లో పెరిగింది. రూపకల్పన, అంటే డిజైన్, 1961లో అహ్మదాబాదులో నెలకొన్న జాతీయ డిజైన్ సంస్థలోనూ, 1969లో బొంబాయి ఐ.ఐ.టి.లో ఏర్పడిన ఇండస్ట్రియల్ డిజైన్ కేంద్రంలోనూ, వాటి బాటలో తరువాత వచ్చిన సంస్థల్లోనూ వికసించింది. వాటిలో చోటు దొరికేది బహు కొద్దిమందికి. కోడ్ రాయడం మాత్రం ఇంజనీరింగు, బి.సి.ఎ. కళాశాలల్లో లక్షలమందికి అందింది. ఈ ప్రాంతానికీ అది చేరింది: ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారి పేరుతో 1998లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన పుట్టిన ముద్దేనహళ్ళిలోనే ఒక కేంద్రం ఉంది. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల డిగ్రీ కళాశాలలు 2017లో మొదలైన బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. కోడ్ వచ్చిన విద్యార్థికి చదువరి గురించి ఎవరూ చెప్పరు. చదువరి గురించి తెలిసిన విద్యార్థి పల్లెటూరి కళాశాలలో చేరడు.

ల్యాబులో జరిగే పని సభలోని విద్యార్థులకు అనుభవైకవేద్యమే. ప్రయోగం సంఖ్య, ఉద్దేశం, ప్రోగ్రాము, ఔట్‌పుట్ అని నాలుగు భాగాలుగా రికార్డు పుస్తకం సాగుతుంది. జావాస్క్రిప్టులో ఒక కాలిక్యులేటరు, ఒక గడియారం, ఒక రిజిస్ట్రేషన్ ఫారం, ఒక రంగు మార్చే బటను. ఏటేటా అవే ప్రయోగాలు, సీనియర్ల రికార్డులోంచి జూనియర్ల రికార్డులోకి చేతిరాతతో దిగుమతి అవుతూ ఉంటాయి. పరీక్షనాడు చీటీలో వచ్చిన ప్రోగ్రామును కంప్యూటరు మీద నడిపించి, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి అడిగిన నాలుగు వైవా ప్రశ్నలకు సమాధానం చెబితే పని ముగుస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ ఫారాన్ని నిజంగా ఎవరైనా నింపారా, నింపబోయి ఎక్కడ ఆగిపోయారు అన్న ప్రశ్నకు రికార్డులో గడి లేదు. ఔట్‌పుట్ వచ్చిందంటే ప్రయోగం ఫలించినట్లేనన్న భావన అక్కడ స్థిరపడుతుంది. భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో లోలకాన్ని ఊపించి, ఆవర్తన కాలాన్ని కొలవకుండానే లోలకం ఊగినదని రాసి ఇస్తే ఏ అధ్యాపకుడూ మార్కులు వేయడు. వెబ్ ల్యాబులో మాత్రం అది చెల్లుబాటవుతోంది.

ఈ లోటును తీర్చే భారం ప్రైవేటు శిక్షణ కేంద్రాల మీద పడింది. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ పెరిగిన శిక్షణ కేంద్రాల పేరు తెలుగు ఇంజనీరింగు విద్యార్థుల్లో విననివారు అరుదు. ఉద్యోగ ప్రకటనలో ఏ పనిముట్టు పేరు ఉంటే దాన్ని కొద్ది వారాల్లో నేర్పించి పంపడం వాటి ధర్మం. అందులో తప్పు లేదు. అదే పనిని విశ్వవిద్యాలయం మూడేళ్ళో నాలుగేళ్ళో తీసుకుని నెమ్మదిగా చేయడంలోనే తప్పుంది. పనిముట్ల ఆయుర్దాయం చాలా తక్కువ. 2006లో వచ్చిన జేక్వెరీ, 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్, 2013లో వచ్చిన రియాక్ట్ అనే సహాయక లైబ్రరీలు ఒకదాని తరువాత ఒకటి ఉద్యోగ విపణిని ఏలాయి. వాటిలో యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 చివరితో తయారీదారుల మద్దతే ఆగిపోయింది. సిలబస్ సంఘం కూర్చుని, విషయాన్ని ఆమోదించి, పుస్తకాలు వచ్చి, అధ్యాపకులు తయారయ్యేలోపు పనిముట్టు మారిపోతుంది. మరోవంక, 1991 నాటి తొలి వెబ్ పుటను నేటి బ్రౌజరులో తెరిచినా చక్కగా చదువుకోవచ్చు. నిలిచేది ఏదో, పోయేది ఏదో ఈ ఒక్క ఉదాహరణే తేల్చి చెబుతుంది.

3. తాలూకా కచేరిలో రెండో తెర

కర్ణాటక పల్లెలకు కంప్యూటరు తెర తొలిసారిగా పెద్ద ఎత్తున పరిచయమైంది రెవెన్యూ శాఖవారి ‘భూమి’ పథకం ద్వారా. ఏ సర్వే నంబరు భూమికి హక్కుదారు ఎవరు, విస్తీర్ణం ఎంత, సాగులో ఉన్న పంట ఏది అని తెలిపే పత్రం పహణి. బ్యాంకు అప్పుకైనా కోర్టు వ్యాజ్యానికైనా రైతుకు అదే ఆధారం. సుమారు 9,000 మంది గ్రామ లెక్కాధికారుల చేతుల్లో కాగితాల రూపంలో ఉన్న ఆ రికార్డులను, 67 లక్షల మంది హక్కుదారులకు సంబంధించిన దాదాపు 2 కోట్ల పత్రాలను, ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కంప్యూటర్లకు ఎక్కించి, 177 తాలూకా కేంద్రాల్లో కియోస్కులు తెరిచి, 15 రూపాయలకు పహణి నకలు ఇవ్వడం ఆరంభించారు. ఈ జిల్లాలోని గుడిబండె, బాగేపల్లి, చింతామణి రైతులు కూడా ఆ వరుసల్లో నిలబడినవారే.

ఈ పథకం గురించి వచ్చిన ప్రశంసల్లో రికార్డుల సంఖ్య తరచు వినబడుతుంది. రూపకల్పన విద్యార్థి గమనించవలసినవి వేరే మూడున్నాయి. మొదటిది, కియోస్కులో ఉద్యోగి చూసే తెరకు తోడుగా రైతు వైపు తిప్పిన రెండో తెర. తన పేరుమీద ఏమి టైపు చేస్తున్నారో, ఏ సర్వే నంబరు తెరుస్తున్నారో రైతు తన కళ్ళతో చూడగలిగేలా దాన్ని అమర్చారు. రెండవది, హక్కు మార్పిడి దరఖాస్తులను వచ్చిన క్రమంలోనే పరిష్కరించక తప్పని ఏర్పాటు. వెనక వచ్చినదాన్ని ముందుకు జరిపే అవకాశాన్ని సాఫ్ట్‌వేరే ఉద్యోగికి ఇవ్వలేదు. మూడవది, రికార్డును మార్చే అధికారి వేలిముద్రతోనే లోపలికి ప్రవేశించాలన్న నియమం. మార్పు ఎవరు చేశారో తరువాత బుకాయించడానికి వీలు లేకపోయింది.

ఈ మూడింటిలో మొదటిదానికి ప్రత్యేకమైన ప్రోగ్రామింగ్ ఏమీ అక్కరలేదు. ఒక అదనపు మానిటరు, ఒక తీగ సరిపోతాయి. అయినా కచేరి కిటికీకి ఇవతల నిలబడిన మనిషి స్థితిని మార్చినది అదే. అటువంటి నిర్ణయం ఏ లైబ్రరీ నుంచీ పుట్టదు. కిటికీకి అవతల ఎవరు, ఇవతల ఎవరు, వారిలో ఎవరికి ఏది కనబడటం లేదు అని విచారించిన బుద్ధి నుంచి పుడుతుంది. వెబ్ విద్యార్థికి మొదటి పాఠంగా చెప్పవలసిన ఉదాహరణ ఇంత దగ్గరలో ఉండగా, సిలబసు ఎక్కడో విదేశీ పుస్తక దుకాణపు వెబ్‌సైటును నమూనాగా చూపించడం విచారకరం.

‘భూమి’కి లోపాలు లేవని చెప్పడం ఈ ఉపన్యాసం ఉద్దేశం కాదు. రికార్డులు ఒకచోట చేరడం వల్ల చిన్న రైతుల కంటే పెద్ద కొనుగోలుదారులకే ఎక్కువ సౌకర్యం కలిగిందని విమర్శించిన పరిశోధకులు ఉన్నారు. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. రెండో తెరమీద కనబడేది కన్నడం. దాని ఎదుట నిలబడిన సోమేనహళ్ళి రైతు ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెర ఆయనవైపు తిరిగింది, కానీ ఆయన భాషవైపు ఇంకా తిరగలేదు.

4. భాష ఒకటి, లిపి వేరొకటి

ఈ సీమలోని తెలుగువారి అక్షరాస్యత స్వభావం విజయవాడ, వరంగల్లు వారి అక్షరాస్యతతో సమానం కాదు. ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం కావడంతో, తెలుగు మాటను కన్నడ లిపిలో చదివేవారు ఇక్కడ ఎక్కువ. చింతామణి తాలూకా కైవారానికి చెందిన యోగి నారేయణ తాతయ్య తెలుగు, కన్నడాలు రెండింటిలోనూ రచనలు చేసినవారు కాగా, ఆయన తెలుగు తత్వాలను కన్నడ లిపిలో చూసి పాడుకునే భక్తులకు కొదవ లేదు. పేజీని తెలుగులో పెట్టాలా, కన్నడంలో పెట్టాలా అన్న ప్రశ్నకు ఇక్కడ మూడవ సమాధానం కూడా ఉంది: భాష తెలుగు, లిపి కన్నడం. వెబ్ ప్రమాణాలు దీనికి ఎప్పుడో చోటిచ్చాయి. పేజీ ఏ భాషలో ఉందో తెలిపే గుర్తులో భాషకు ఒక భాగం, లిపికి ఒక భాగం విడివిడిగా రాసే వీలుంది. ఆ గుర్తు సరిగా ఉంటేనే చదివి వినిపించే సాఫ్ట్‌వేరు, వెతికే యంత్రం ఆ వాక్యాన్ని తెలుగుగా గుర్తించగలవు. హెచ్.టి.ఎం.ఎల్. బోధించేటప్పుడు ఈ గుర్తు ఒక్క నిమిషం కూడా ప్రస్తావనకు నోచుకోదు.

ఈ ఊరి పేరునే ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘సోమేనహళ్ళి’ అన్న పేరులో చెవికి వినబడే అక్షరాలు ఐదు: సో, మే, న, హ, ళ్ళి. కంప్యూటరు లెక్క వేరు. ప్రపంచ లిపులన్నింటిలోని ప్రతి గుర్తుకూ ఒక స్థిరసంఖ్యను కేటాయించే అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో గుణింతపు గుర్తు వేరు, హల్లు వేరు, పొల్లు వేరు. అందువల్ల ఈ పేరు పది గుర్తులుగా నిలవవుతుంది. వెబ్‌లో సర్వసాధారణమైన యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి కాబట్టి మొత్తం 30 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్లు చాలునని గడి కట్టిన డేటాబేసులో ఈ పేరును బలవంతంగా ఇరికిస్తే ‘సోమేనహ’ దాకా మాత్రమే నిలిచి, మిగిలినది తెగిపోతుంది. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షించిన విద్యార్థికి ఈ దోషం జీవితకాలంలో కనబడదు.

ఇక కన్నడం సంగతి. యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు తెలుగుకూ, దాన్ని ఆనుకునే 3200 నుంచి 3327 వరకు కన్నడానికీ 128 చొప్పున స్థానాలు కేటాయించారు. భారతీయ లిపులకు అంతకుముందే ఉన్న ఇస్కీ ప్రమాణపు వరుసను అనుసరించడం వల్ల రెండు విభాగాల్లోనూ ఒకే ధ్వనికి ఒకే వరుస స్థానం దక్కింది. తెలుగు ‘స’ సంఖ్య 3128 అయితే కన్నడ ‘స’ సంఖ్య 3256. ఊరి పేరులోని పది గుర్తుల్లో ప్రతిదానికీ 128 కలిపితే అది కన్నడ లిపిలో ప్రత్యక్షమవుతుంది. మొదటి సంవత్సరపు విద్యార్థి ఒక గంటలో రాయగల ప్రోగ్రాము ఇది. కాలిక్యులేటరు ప్రయోగానికి బదులు దీన్ని రికార్డులో పెడితే, ఈ ప్రాంతపు తెలుగువారికి నేరుగా పనికివచ్చే సాధనం మొదటి సెమిస్టరులోనే తయారవుతుంది.

ఆ ప్రోగ్రాము ఎక్కడ విఫలమవుతుందో చూపించడంతో నిజమైన పాఠం మొదలవుతుంది. తెలుగులోని ‘ౘ’, ‘ౙ’లకు కన్నడ విభాగంలో జత స్థానం ఖాళీగా ఉంది. కన్నడ ఓత్వాన్ని ఒకే గుర్తుగానూ, మూడు గుర్తుల కూర్పుగానూ రెండు విధాలా రాసే వీలుంది. తెరమీద రెండూ ఒకేలా కనిపించినా, సరిచూసే ముందు వాటిని ఏకరూపానికి తేకపోతే కంప్యూటరు వాటిని వేరు పేర్లుగా లెక్కగడుతుంది. పహణిలో ఒక విధంగా, అప్పు దరఖాస్తులో మరొక విధంగా నమోదైన ఒకే మనిషి పేరు వెతుకులాటలో కలవకపోవడానికి ఇటువంటి కారణం చాలు.

బొత్తిగా చదవలేనివారికి శబ్దమే దారి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు కొందరు ఇంజనీర్లతో కలిసి 2001లో ప్రదర్శించిన సింప్యూటరు అనే చేతి కంప్యూటరు, భారతీయ భాషల వాక్యాన్ని చదివి వినిపించాలన్న సంకల్పంతోనే రూపొందింది. విపణిలో అది నిలదొక్కుకోలేకపోయినా, అది ఎత్తుకున్న ప్రశ్నను నేటి స్మార్ట్‌ఫోను కూడా పూర్తిగా తీర్చలేదు.

5. పరీక్షించే పద్ధతి

పరీక్ష అంటే వాడుకరి ఎదుట పేజీ పెట్టి, బాగుందా అని అడగడం కాదు. చదువుకున్న పిల్లలు అడిగితే బాగుందనే చెబుతారు. పల్లె మర్యాద అటువంటిది. ఒక నిర్దిష్టమైన పని అప్పగించి, చేయి పట్టుకుని నడిపించకుండా, వారు ఏం చేస్తారో మౌనంగా చూసి రాసుకోవడమే పరీక్ష. జేకబ్ నీల్సన్ వంటి నిపుణులు ఐదుగురితో చేసిన పరీక్షలోనే ఒక పేజీలోని పెద్ద లోపాల్లో అధికభాగం బయటపడతాయని వాదించారు. ఆ సంఖ్య అన్ని సందర్భాలకూ చాలదని ఆక్షేపించినవారు ఉన్నా, ఐదుగురిని వెతకలేని ఊరు మాత్రం లేదు.

ఒక చిన్న ఉదాహరణ చాలు. టమాటా రైతు మండీలో లాటు నమోదు చేసుకోవడానికి విద్యార్థి ఒక ఫారం తయారుచేశాడని అనుకుందాం. ల్యాబు కంప్యూటరులో బటను నొక్కగానే ‘నమోదైనది’ అని వచ్చింది. రికార్డులో సంతకం పడింది. అదే ఫారాన్ని తెల్లవారుజామున చింతామణి మండీలో, అంతంతమాత్రం సిగ్నలులో రైతు ఫోనులో తెరిచాడు. బటను నొక్కాడు, ఏమీ కదలలేదు. రెండు క్షణాలు చూసి మళ్ళీ నొక్కాడు. సర్వరుకు రెండు దరఖాస్తులు చేరి, ఒకే సరుకు రెండు లాట్లుగా నమోదైంది. పదోవంతు సెకనులోపు వచ్చిన స్పందన మనిషికి తక్షణంగా తోస్తుంది, ఒక సెకను దాటితే ఆలస్యం తెలుస్తుంది, పది సెకన్లు దాటితే దృష్టి మరలిపోతుంది అని మానవ–కంప్యూటర్ సంబంధాల శాస్త్రంలో చిరకాలంగా ఉన్న లెక్క. నొక్కిన వెంటనే బటనును స్తంభింపజేసి ‘పంపుతున్నాం, ఆగండి’ అని చూపించడం ఒక జాగ్రత్త. ఒకే ఫారం రెండుసార్లు చేరినా సర్వరు ఒక్కసారే నమోదు చేయడం రెండవ జాగ్రత్త. మొదటిది రూపకల్పన శాఖ పాఠం, రెండవది ప్రోగ్రామింగ్ శాఖ పాఠం. రైతుకు మాత్రం అవి రెండూ ఒకే సమస్య. ఈ రెండు విషయాలనూ ఒకే కోర్సుగా, ఒకే గదిలో బోధించాలనడానికి ఇంతకంటే బలమైన కారణం వెతకనక్కరలేదు.

రంగుల విషయం కూడా అంతే. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండటానికి 2008లో వెలువడిన డబ్ల్యు.సి.ఎ.జి. మార్గదర్శకాల రెండవ కూర్పు, మామూలు అక్షరానికీ దాని నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలని నిర్దేశించింది. తెల్లని తెరమీద లేత బూడిదరంగు అక్షరం ఏసీ గదిలో సొగసుగా కనిపించవచ్చు. మధ్యాహ్నపు ఎండలో పట్టుగూళ్ళు అమ్మడానికి శిడ్లఘట్ట మార్కెటుకు వచ్చిన రైతు కళ్ళకు అది కనబడదు. చూపు మందగించినవారి హక్కు, ఎండలో నిలబడినవారి అవసరం ఇక్కడ ఒకటవుతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చిన తరువాత దీన్ని దయాగుణంగా భావించే వీలు కూడా లేదు.

ఈ లెక్కన రికార్డు పుస్తకానికి మరి నాలుగు గడులు చేర్చాలి: పేజీని ఎవరికి ఇచ్చారు, ఏ పని అప్పగించారు, వారు ఎక్కడ ఆగారు, దాన్నిబట్టి ఏమి మార్చారు. మార్కుల్లో సగం ఈ నాలుగింటికే ఉండాలి. మొదటి ప్రయత్నంలోనే అందరూ పని పూర్తిచేశారని రాసిన రికార్డును పరీక్షాధికారి మరింత శ్రద్ధగా చూడాలి.

6. కొన్ని ఆక్షేపణలు

ఉద్యోగం ఇచ్చేవారు పనిముట్టు పేరే అడుగుతారు కదా అన్నది మొదటి ఆక్షేపణ. అడుగుతారన్నది నిజం. మూడు పొరలూ గట్టిగా వచ్చిన విద్యార్థి కొత్త లైబ్రరీని కొద్ది వారాల్లో పట్టుకోగలడు; లైబ్రరీతోనే మొదలుపెట్టినవాడు అది మారినప్పుడల్లా మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి. చివరి సెమిస్టరులో ఒక పనిముట్టును ఐచ్ఛికంగా పెడితే ఈ అవసరం తీరుతుంది.

అరవైమంది ఉన్న తరగతిలో, ఇద్దరికొక కంప్యూటరు, అప్పుడప్పుడు పోయే కరెంటుతో ఇవన్నీ సాధ్యమా అన్నది రెండవది. వెబ్‌లోని మూడు పొరలకూ ఒక బ్రౌజరు, ఒక నోట్‌ప్యాడు చాలు. ఇంటర్నెట్టు కూడా ప్రతి నిమిషం అక్కరలేదు. వాడుకరి పరీక్ష ల్యాబు బయట, ఒక ఫోనుతో, ఒక కాగితంతో జరిగేది. మొదటి దశలో తెర బొమ్మను కాగితంమీద గీసి, వేలితో నొక్కించి చూసినా లోపాలు బయటపడతాయి. ఇక్కడి విద్యార్థుల్లో చాలామంది రైతుల పిల్లలు, పట్టుపురుగులు పెంచే ఇళ్ళ పిల్లలు. రెండు భాషల మధ్య పెరిగినవారు. నగరపు డిజైన్ సంస్థ ఎంతో ఖర్చుపెట్టి వెతుక్కునే వాడుకరులు వీరికి ఇంటి అరుగుమీదే ఉన్నారు. ఈ విషయంలో పల్లెటూరి కళాశాలది లోటు కాదు, అదనపు బలం.

మూడవది నేటి కాలపు ఆక్షేపణ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, అడిగితే కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు విద్యార్థుల చేతికి వచ్చాయి. ఇక వెబ్ నిర్మాణం నేర్పడమెందుకని అడిగేవారున్నారు. కాలిక్యులేటరు ప్రయోగం, రిజిస్ట్రేషన్ ఫారం ఆ యంత్రం క్షణంలో రాసి ఇస్తుందన్నది నిజమే. అందువల్ల కుప్పకూలేది పాత రికార్డు పుస్తకమే. మండీలో రైతు బటనును రెండుసార్లు ఎందుకు నొక్కాడో గమనించి రాసుకోవడానికి అక్కడికి ఒక మనిషి వెళ్ళాలి. యంత్రం ఇచ్చిన పేజీ పరీక్షకు నిలుస్తుందో లేదో తేల్చడానికి కోడ్ చదవగల శక్తి, తప్పు పట్టగల ధైర్యం మునుపటికంటే ఎక్కువ కావాలి. యంత్రం చెప్పిందని నమ్మడం, బాబాలు చెప్పారని నమ్మడం ఒకే కోవలోవి; ఈ మాటను నరసింహయ్య గారి స్మృతిసభలో విడమరచి చెప్పనక్కరలేదు.

7. చేయవలసినవి

ఈ చర్చ అంతా నాలుగు విన్నపాలుగా తేలుతుంది. విశ్వవిద్యాలయాల పాఠ్యసంఘాలు వెబ్ ప్రోగ్రామింగును, రూపకల్పనను విడివిడి పేపర్లుగా ఉంచక, కనీసం ఒక సెమిస్టరులోనైనా ఒకే కోర్సుగా కలపాలి. అధ్యాపకులు ల్యాబు రికార్డులోని అరిగిపోయిన ప్రయోగాల స్థానంలో తమ తాలూకా అవసరాల నుంచి పుట్టిన ప్రయోగాలను పెట్టి, వాడుకరి పరీక్షకు మార్కులు కేటాయించాలి. తాలూకా కచేరులు, మండీలు, సహకార సంఘాలు విద్యార్థులు వచ్చి కూర్చుని గమనించడానికి అనుమతి ఇవ్వాలి; దానివల్ల వారి సొంత వెబ్‌సైట్ల లోపాలు ఉచితంగా తెలుస్తాయి. విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టును డబ్బిచ్చి కొనుక్కునే అలవాటును మానుకోవాలి. కొన్న ప్రాజెక్టు వైవా వరకే నడుస్తుంది.

వీటిలో దేనికీ ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. రాబోయే సెమిస్టరులో, ఈ సభలో ఉన్న ఒక్క అధ్యాపకుడైనా, అధ్యాపకురాలైనా తమ తరగతి చేత ఒక పేజీ చేయించి, తెలుగు మాటను కన్నడ లిపిలో పెట్టి, ఊళ్ళోని ఐదుగురికి ఇచ్చి, వారు ఎక్కడ ఆగారో రాయించి, ఆ రికార్డును పక్క కళాశాలకు పంపించవలసిందిగా ఈ ఉపన్యాసం కోరుతున్నది.